వ్రేళ్ళును, సందులును

మన పాఠశాల వార్షిక సంచికకు నా వృత్తిని గుఱించి యొక వ్యాసము వ్రాయవలసినదని ప్రధానోపాధ్యాయులవారు నన్ను కోరిరి. కంటికి కనబడనంత సన్నని తీగలలో ఎలక్ట్రానులు ఎట్లు మెలగునో, ఆ తీగలు ఎట్టి కాంతిని వెలువరించునో లెక్కవేసి చెప్పుట నా వృత్తి. ఇట్టి విషయము పిల్లలకును, వారి తల్లిదండ్రులకును రుచించునా యని మొదట సంశయించితిని. పిమ్మట ఆ లెక్కలలో నేను చేసిన యొక పొరపాటు జ్ఞప్తికి వచ్చెను. అటువంటి పొరపాటునే అంతకు పదునొకండేండ్లకు ముందు ఈ పాఠశాల ప్రయోగశాలలో నేను చేసియుంటినన్న సంగతియు దానితోడనే స్ఫురించెను. కావున, ప్రియ విద్యార్థులారా, నా విజయములను గాక నా తప్పులనే మీ ముందుంచుచున్నాను.

నేను లాలాగూడలో పుట్టి పెరిగినవాడను. ఇచ్చటి రైల్వే కర్మాగారమును నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు 1893వ సంవత్సరమున నెలకొల్పిరి. మా నాయన అందు చక్రముల విభాగమున ముప్పదియైదేండ్లు పనిచేసెను. వర్కుషాపు సైరనే మా వాడకెల్ల గడియారము. ఇరుసునకు రెండు చక్రములను బిగించిన పిమ్మట వాని లోపలి ముఖముల నడిమి దూరము 1600 మిల్లీమీటర్లుండవలెను. రెండు మిల్లీమీటర్లు హెచ్చవచ్చును, ఒకటి తగ్గవచ్చును. అంతకు మించినచో ఆ చక్రముల జత బండి క్రిందికి పోరాదు. ఆ దూరమును కొలుచుటకు గేజి యను పరికరముండును. నాయన ప్రతిదినమును చక్రములను ముట్టకముందు తన గేజిని ప్రమాణపు గేజితో సరిచూచుకొనెడివాడు. "అరిగిపోయిన గేజి చెడ్డ చక్రమును గూడ మంచిదే యనును, బిడ్డా. ముందు గేజిని కొలువవలెను, చక్రము సంగతి ఆ తరువాత" అని రాత్రి భోజనముల వేళ పలుమాఱులు చెప్పెడివాడు. అది పనివారి మాట యనుకొని నేను చెవిని బెట్టితిని గాని మనస్సున బెట్టలేదు.

1986లో నేను పదవ తరగతి చదువుచుంటిని. ఒకనాడు ప్రయోగశాలలో మాకు లఘులోలకమును ఇచ్చిరి. 100 సెంటీమీటర్ల దారమునకు ఇత్తడి గుండును వ్రేలాడదీసి, అది ఇరువది ఊపులు ఊగుటకు ఎంత కాలము పట్టునో చూచి, గురుత్వ త్వరణమును లెక్కింపవలెను. జవాబు 980కి దగ్గరగా రావలెనని మాకందఱకును పుస్తకమువలన తెలియును. నా ఇరువది ఊపులకు 38.1 సెకండ్లు పట్టెను. లెక్కవేయగా 1088 వచ్చెను. ప్రక్కబల్ల వానికి 978 వచ్చినదట! సిగ్గుపడి, 38.1 అను అంకెను రబ్బరుతో చెరిపి 40.1 అని వ్రాసితిని. అప్పుడు జవాబు 982 అయ్యెను. నోటుపుస్తకమును ధైర్యముగా తీసికొనిపోయి చూపితిని.

మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులవారు చెరిపిన చోటును వెలుతురునకు పట్టి చూచిరి. ఏమియు అనక నన్ను బల్లయొద్దకు గొనిపోయి, "మఱల ఊపుము, బిగ్గరగా లెక్కపెట్టుము" అనిరి. నేను గుండును వదలుచు "ఒకటి" అంటిని. వారు వెంటనే నా చేయి పట్టి ఆపిరి.

"వదలినప్పుడే ఒకటి యైనదా? ఇంకను ఒక ఊపైనను పూర్తి కాలేదే! సున్న అనవలెను."

పిమ్మట నా అఱచేతిని చాపించి, "వ్రేళ్ళెన్ని?" అని అడిగిరి. "అయిదండీ" అంటిని. "వాని నడుమ సందులెన్ని?" "నాలుగండీ." "నీవు వ్రేళ్ళను లెక్కించితివి. కొలువవలసినవి సందులు. ఇరువది ఊపులనుకొన్నవి పందొమ్మిదియే" అని చెప్పిరి. నేను తల వంచుకొంటిని. వారు నా పుస్తకమున సున్న వేసి, "ఇది లెక్క తప్పినందులకు కాదు. 38.1 అనునది నీవు నిజముగా చూచిన కొలత. దానిని ఉంచియుండినచో నీ తప్పు ఎచ్చటనున్నదో అదియే చెప్పియుండును. దాని నోరు మూసితివి, అందులకీ సున్న" అనిరి.

ఆ పాఠము నేర్చుకొంటిననియే యనుకొంటిని. కాలక్రమమున పై చదువులకు వేఱొక నగరమునకు పోయి, ఒక ఆచార్యులవారియొద్ద పరిశోధన కుదిరితిని. వారు నా చేతికిచ్చిన తొలి పుస్తకములలో ఒకటి సూరి భగవంతముగారును, టి. వెంకటరాయుడుగారును కలిసి రచించినది; వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 1948లో ప్రకటించినది. భగవంతముగారు కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి రామనుగారియొద్ద పరిశోధన చేసినవారు. పిమ్మట 1952 మొదలు 1957 వఱకు మన పొరుగుననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా నుండిరి. వస్తువునందలి సౌష్ఠవమును బట్టి దాని గుణములను ఎట్లు గ్రహింపవచ్చునో ఆ పుస్తకము బోధించును. చతురస్రాకారమగు తీగను పావువంతు త్రిప్పినను అది మునుపటివలెనే యుండును. ఈ యొక్క సంగతివలననే అది ఏ కాంతిని గ్రహించునో, దేనిని గ్రహింపదో చాలవఱకు ముందే తెలియును.

ఇక నా తీగల సంగతి. రాగివలె విద్యుత్తును ధారాళముగా పోనీయక, గాజువలె పూర్తిగా అడ్డగింపక, నడిమి స్థితిలో నుండు పదార్థములను అర్ధవాహకములందురు. సిలికాను, గాలియం ఆర్సెనైడు ఇట్టివి. గాలియం ఆర్సెనైడును సన్నని తీగగా పెంచి, దానిచుట్టును అల్యూమినియము కలిసిన అటువంటి పదార్థమునే పొదిగినచో, ఆ పై పొర ఎలక్ట్రానునకు కోటగోడవలె నుండును. నా తీగ వెడల్పు 10 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. నాయన చక్రములకు అనుమతింపబడిన మూడు మిల్లీమీటర్ల మేరలో ఇట్టి తీగలు ప్రక్కప్రక్కన మూడు లక్షలు పట్టును.

ఎలక్ట్రాను రేణువువలెనే గాక తరంగమువలె గూడ మెలగునని ఫ్రాన్సు దేశీయుడగు లూయీ ది బ్రోలీ 1924లో ప్రతిపాదించెను. ఆ తరంగము నడకకు తగిన సమీకరణమును ష్రోడింగరు 1926లో వ్రాసెను. వీణతీగను రెండు కొనలయందును బిగించినప్పుడు అది తోచిన స్వరమునెల్ల పలుకజాలదు. తన పొడవునకు తగిన స్వరములనే పలుకును. అట్లే గోడల నడుమ చిక్కిన ఎలక్ట్రాను అడ్డదిశలలో కొన్ని శక్తులనే ధరింపగలదు. తీగ పొడవున మాత్రము స్వేచ్ఛగా సంచరించును. ఇట్టి దానినే క్వాంటము తీగ యందురు. వీణతీగను సగము చేసినచో స్వరము రెట్టింపగును. ఎలక్ట్రానుయొక్క గదిని సగము చేసినచో దాని శక్తి నాలుగు రెట్లగును. గోడలు బొత్తిగా దాటరానివని భావించినయెడల, 10 నానోమీటర్ల వెడల్పున ఒక దిశలో ఎలక్ట్రానునకు కలుగు శక్తి సుమారు 56 మిల్లీ ఎలక్ట్రాను వోల్టులు. 5 నానోమీటర్లకు 224. కావుననే తీగ సన్నబడిన కొలది దాని కాంతి, కంటికి కనబడని పరారుణమునుండి ఎఱుపు వైపునకు జరుగును. రంగును నిర్ణయించునది పదార్థమొక్కటియే కాదు, వెడల్పును గూడ.

ఇట్టి తీగలలో ఎలక్ట్రానులు చెదరక సాఫీగా పోగలవని జపానులో సకాకిగారు 1980లో సూచించిరి. 1988లో హాలండునందును, ఇంగ్లండునందును రెండు బృందములవారు, మిక్కిలి ఇఱుకైన దారిలో విద్యుద్వాహకత కొండవాలువలె గాక మెట్లవలె పెరుగునని కనుగొనిరి. మొదటి మెట్టునొద్ద నిరోధము 12,906 ఓములు. ఆ సంఖ్య ప్రకృతి స్థిరాంకములనుండియే వచ్చును. 1989లో అమెరికాలో ఎలీ కపోన్‌గారును, వారి సహచరులును లోయవంటి గాడి అడుగున తీగను పెంచి, దానినుండి లేసరు కాంతిని రాబట్టిరి. అయితే ఒక్క తీగను పెంచుటకే ఎంతయో శ్రమయు, ధనమును కావలెను. కనుక పెంచకముందే అది ఎట్లుండునో లెక్కవేసి చెప్పగలవారు కావలసివచ్చిరి. అట్టివారిలో నేనొకడను.

ఆ లెక్క ఇట్లు చేయుదుము. తీగను అడ్డముగా కోసిన ముఖమును చదరంగపు పలకవలె గళ్ళుగా గీయుదుము. గీతలు కలియు ప్రతి చుక్కయొద్దను తరంగమెంత యుండునో, దాని శక్తి యెంతయో కంప్యూటరు కనుగొనును. గళ్ళు చిన్నవగు కొలది లెక్క నిజమునకు దగ్గఱగును. కాని యంత్రమునకు శ్రమయు, కాలమును పెరుగును.

1997లో, ప్రయోగములు చేయు మఱియొక బృందమువారు తమ తీగ వెలువరించిన కాంతి శక్తిని కొలిచి మాకు పంపిరి. ఎలక్ట్రాను పైకి లేచిపోయిన చోట మిగులు ఖాళీని రంధ్రమందురు; అది ధనావేశముగల రేణువువలె మెలగును. ఎలక్ట్రాను మఱల ఆ ఖాళీలో పడినప్పుడు కాంతి వెలువడును. ఎలక్ట్రానును, రంధ్రమును పరస్పరము ఆకర్షించుకొనును. ఆ ఆకర్షణ యెంత యుండునో అంత మేరకు కాంతి శక్తి తగ్గును. ఈ ఆకర్షణను లెక్కించుట కష్టము గనుక నేను దానిని విడిచిపెట్టితిని. గడి కొలతను 0.5 నానోమీటరుగా తీసికొని లెక్కచేయగా, నా సంఖ్యయు, వారు కొలిచిన సంఖ్యయు ఒక్క మిల్లీ ఎలక్ట్రాను వోల్టు తేడాలో కలిసిపోయెను! నా సంతోషమునకు మేర లేకుండెను. "ఆకర్షణను విడిచినను లెక్క సరిపోయినది, కావున ఇట్టి తీగలలో ఆకర్షణ ఎన్నదగినది కాదు" అని వ్యాసము వ్రాసి టైపు చేయించితిని. మఱుసటి నెల జరుగు సమ్మేళనములో దానిని చదువవలసియుండెను. నా విద్యార్థివేతనమునకు అది కడపటి సంవత్సరము. నేను కోరిన ఉద్యోగమును ఆ వ్యాసమునే ఆశ్రయించియుండెను.

దసరా సెలవులకు లాలాగూడ వచ్చితిని. నాయన అప్పటికే ఉద్యోగవిరమణ చేసియుండెను. నా వ్యాసమునందలి పటమును, ఒకదానిపై నొకటి పడిన రెండు గీతలను చూపితిని. కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "గేజిని కొలిచితివా?" అని అడిగెను.

నేను నవ్వి, "ఇది కంప్యూటరు లెక్క, నాయనా. దీనికి గేజి లేదు" అంటిని.

"ఏదో యొకదానితో కొలిచితివి గదా, బిడ్డా. ఆ కొలిచినదానిని దేనితో కొలిచితివి?"

నాకు ప్రత్యుత్తరము దొరకలేదు. తిరుగు ప్రయాణమున రైలులో నిద్రయు రాలేదు. బండి చక్రములు పట్టాల అతుకులు దాటు చప్పుడు విని లెక్కపెట్టుచు కూర్చుంటిని.

వెళ్ళిన వెంటనే గడిని సగము చేసి, 0.25 నానోమీటరుతో మఱల లెక్కింపజేసితిని. నా వల మంచిదైనచో జవాబు కదలనైనను కదలదు. అది 5 మిల్లీ ఎలక్ట్రాను వోల్టులు పైకి లేచెను. మఱల సగము చేసితిని; ఇంకొక రెండున్నర లేచెను. తరువాతిది ఒకటింబావు కాగలదని ఊహించి రెండు రాత్రులు యంత్రమును నడిపించితిని, అట్లే అయ్యెను. అయిదు, రెండున్నర, ఒకటింబావు అను ఇట్టి శ్రేఢిని మీరు గణితమున చదివియుందురు. అంతులేక కూడినను మొత్తము పదిని దాటదు. అనగా సరియైన జవాబు నేను వ్రాసినదానికంటె పది ఎక్కువ. అంతేకాదు, నేననుసరించిన పద్ధతిలో గడి సగమైనప్పుడు తప్పు పావువంతు కావలెను. నాది సగమే యగుచుండెను. ఇట్లగుటచే తప్పు తీగ అంచునొద్ద నున్నదని గ్రహించి, నేను వ్రాసిన ఆదేశములను పంక్తి పంక్తియు పరీక్షించితిని.

అది మిక్కిలి చిన్న తప్పు. 10 నానోమీటర్ల తీగను అరనానోమీటరు గళ్ళుగా చేసినప్పుడు సందులు ఇరువది, చుక్కలు ఇరువదియొకటి. నేను ఇరువదియొక్క చుక్కలను తీగకే ఇచ్చివేసితిని. ప్రతిచుక్కయు తనకు రెండువైపుల అరసందు చొప్పున ఆక్రమించును గనుక నా తీగ వెడల్పు పది కాక పదిన్నర యైనది. వెడల్పు పెరుగగా శక్తి తగ్గినది. ఆ తగ్గుదలయే, నేను విడిచిపెట్టిన ఆకర్షణవలన రావలసిన తగ్గుదల స్థానమున కూర్చున్నది. రెండు తప్పులు ఒకదాని నొకటి కప్పుకొని ఒప్పు వేషము వేసినవి. నేను మఱల వ్రేళ్ళనే లెక్కించియుంటిని!

ఇప్పుడు నా మనస్సున జరిగినదానిని దాచను. ఆ ఆదేశములను చదివినవాడను నేనొక్కడనే. గడి అరనానోమీటరని వ్యాసమున వ్రాసియేయుంటిని. అది చాలదని ఎవరును అడుగకపోవచ్చును. సమ్మేళనమునకు ఇంకను రెండు వారములే. మూడు దినములు ఎవరితోను చెప్పలేదు. పెట్టెలో నా చేతనున్నది రబ్బరు కాకపోయినను, నేను చేయదలచినది చెరుపుటయే. నాల్గవదినమున ఇరువదియొక్క చుక్కల పటమును కాగితముపై గీసికొని ఆచార్యులవారి గదికి పోయితిని.

వారు నన్ను మెచ్చుకొనలేదు, కోపపడనులేదు. పటమును చూచి, "సమ్మేళనమునుండి పేరు ఉపసంహరించుకొనుము. ఆకర్షణను లెక్కలో చేర్చి మొదటినుండి చేయుము" అని మాత్రము అనిరి. ఆ ఉద్యోగము వేఱొకరికి పోయెను. కొలది నెలలకు విద్యార్థివేతనము నిలిచిపోయెను. ఇంటర్మీడియేటు పిల్లలకు ఇండ్లలో పాఠములు చెప్పుకొనుచు, నాయన తన పింఛనునుండి పంపిన సొమ్ముతో ఆ యేడు గడిపితిని. నిజము చెప్పినవానికి వెంటనే మేలు కలుగునని మీకు చెప్పజాలను. నాకు కలుగలేదు.

కాని తీగ తన మాట తాను చెప్పెను. ఏకమాత్ర దిశలో సంచరించు ఎలక్ట్రానునకును, రంధ్రమునకును నడిమి ఆకర్షణ, దారి సన్నబడిన కొలది మేర లేక పెరుగునని 1959లోనే లౌడన్‌గారు గణితముచే చూపియుండిరి. విశాలమైన గాలియం ఆర్సెనైడు ముక్కలో ఆ బంధము సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాను వోల్టులు మాత్రమే. తీగలో రెండును ఒకదానినుండి యొకటి ప్రక్కకు తొలగిపోలేవు గనుక బంధము గట్టిపడును. తొమ్మిది నెలల పని తరువాత నా తీగకు అది ఇంచుమించు 11 అని తేలెను. సరిచేసిన లెక్కనుండి దానిని తీసివేయగా, కొలిచిన సంఖ్యకును నాకును మఱల ఒక్కటియే తేడా. మునుపును ఒకటియే, ఇప్పుడును ఒకటియే! అయినను మొదటి వ్యాసము ఆకర్షణ లేదనెను. రెండవది, విశాలమైన ముక్కలోకంటె రెండు రెట్లకు మించి యున్నదనెను. సరిపోయిన సంఖ్య ఒక్కటియే, చెప్పిన సంగతులు పరస్పర విరుద్ధములు. నేను మఱుగుపఱుపదలచిన ఆ పదిలోనే అసలు సంగతి యుండెను.

వ్యాసము అచ్చైన పిమ్మట దాని ప్రతిని ఇంటికి తెచ్చితిని. నాయన మఱల కండ్లజోడు పెట్టుకొని, "ఈ సారి తేడా ఎంత?" అని అడిగెను.

"ఒకటి, నాయనా."

"ఆ ఒకటి ఎచ్చటనుండి వచ్చినదో ఎఱుగుదువా?"

"ఇంకను ఎఱుగను."

"అయిన, ఎఱుగనని వ్రాసితివా?"

వ్రాసియున్న పంక్తిని వ్రేలితో చూపితిని. అతడు తల యూపి కాగితమును మడిచి నా చేతికిచ్చెను.

విద్యార్థులారా, మీలో చాలమంది క్వాంటము తీగల జోలికి పోరు. కాని ప్రతివారును ఈ యేడు లోలకమును ఊపెదరు. జవాబు 980 రాకపోయినచో రబ్బరును తీయకుడు. ఆ రాని జవాబును అట్లే ఉంచి, మీ గడియారమును, మీ దారమును, మీ లెక్కించు విధమును వరుసగా పరీక్షింపుడు. జవాబు 980 వచ్చినప్పుడును ఆ పరీక్షను మానకుడు. నా తప్పు సరిపోయిన జవాబు వెనుకనే దాగినది. పిల్లలు తప్పిన అంకెతో ఇంటికి వచ్చినప్పుడు, తల్లిదండ్రులారా, ఎంత తప్పినదని గాక ఎచ్చట తప్పినదని అడుగుడు. మా నాయన అట్లే అడిగెను.

నేటికిని క్రొత్త లెక్క నారంభించునప్పుడు తలుపు వేసికొని, ఎడమచేతిని చాచి ఒకసారి చూచుకొందును. వ్రేళ్ళు అయిదు. సందులు నాలుగు.

— ఒక పూర్వవిద్యార్థి